మూలుగు

“వదినా, నువ్వెట్లుండావు?” అంది ఆడబిడ్డ శివకుమారి, తెచ్చిన బత్తాయిలు అన్న మంచం పక్కన పెడుతూ.

“పొద్దున రవంత గంజి తాగినాడు,” అంది గిడ్డమ్మ.

“అన్న సంగతి కాదు. నిన్నడుగుతాండా.”

గిడ్డమ్మ ఒక బత్తాయి తీసుకొని ఒలవసాగింది. “రాత్రిళ్లు ఒకటే మూలుగుడు. డాక్టరిచ్చిన మాత్రలు పనిచేస్తా లేవు.” మొగుడి కడుపులో క్యాన్సరని తెలిసినప్పటి నుంచి ఎవరేమడిగినా ఆమె నోట వచ్చేది అతని మాటే.

మంచం మీద దేవేంద్రప్ప కళ్లు తెరిచాడు. “మాత్రలు పనిచేస్తాండాయి, శివమ్మా. నేను మూలిగేది నొప్పికి కాదు.”

“మరి?”

“నేను నిద్రపోయినాననుకొని మీ వదిన ఇంటెనక ఎండిన బాయి కాడికి పోతాది. గట్టు మీద కూచొని లోపలికే చూస్తాంటాది. లేచిపోయి పిల్చకొచ్చే సత్తువ నాకు లేదు. మూలిగితే మాత్రం పరిగెత్తుకొనొస్తాది.”

గిడ్డమ్మ తల వంచుకుంది. ఒలుస్తున్న బత్తాయి చేతిలోనే ఉండిపోయింది.

“రేపు నేను పోయినాంక మూలిగేదానికి ఎవరూ ఉండరు,” అన్నాడతను. “ఈమెను నీ కాడ పెట్టుకో.”

శివకుమారి వదిన పక్కన చేరి చెయ్యి పట్టుకుంది.

ఈసారి ఎవరూ అడగకుండానే గిడ్డమ్మ చెప్పింది.

“నాకు బాగలేదు, శివమ్మా.”