రెండో ఇరవై శాతం

“నలభై శాతం!” వదిన పెన్ను బల్లమీద కొట్టి మరీ చెప్పింది. “మొదటి ఏడాది ధర పెరిగింది ఇరవై శాతం, రెండో ఏడాది ఇరవై. మొత్తం నలభై. కళ్లు మూసుకుని చెప్పొచ్చు.”

మరిది ముఖం వెలిగిపోయింది. “భలే!” అంటూ నోటుబుక్కులో గబగబా రాసుకున్నాడు. “ఇది చూడండి. సీసాలో క్రిములు ఇరవై నిమిషాలకోసారి రెట్టింపవుతాయి. గంటకి సీసా నిండింది. సగం నిండింది ఎప్పుడు?”

“అరగంటకి!”

“అద్భుతం వదినా!” అదీ రాసుకున్నాడు. “రెండూ తప్పే.”

“మరి ఆ సంబరమేంటయ్యా?”

“తడుముకోకుండా చెప్పారు కదా, అందుకు.”

వదిన గ్రంథాలయంలో పుస్తకాలు సర్దుతుంది. పై ఉద్యోగానికి పరీక్ష ఆదివారం. ఇప్పటికి రెండుసార్లు ఈ శాతాల దగ్గరే బోల్తా పడింది. ఇదే ఆఖరి అవకాశం. మరిది పనే పరీక్షల పుస్తకాలు రాయడం. ఒక ఒప్పుకి మూడు తప్పులు కలిపి, నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకోమంటారే, ఆ రకం. మూడు నెలలుగా రోజూ సాయంత్రం వదిన ఎదుట కూర్చుంటున్నాడు. ఇంత ఓపికున్న మరిది ఎవరికుంటాడని ఆమె అందరితో చెప్పుకుని మురిసిపోయేది. ఎందుకు తప్పో మాత్రం చచ్చినా చెప్పడు. “మీరే కనుక్కోవాలి వదినా, నేను చెబితే వంటబట్టదు,” అంటాడు.

మర్నాడు పనిలో ఆమెకి పంతం పుట్టింది. ఖాళీ అరల్లో వంద పుస్తకాలు పెట్టింది. ఇరవై శాతమని ఇంకో ఇరవై చేర్చింది. మళ్లీ ఇరవై చేర్చబోయి ఆగింది. ఇప్పుడున్నవి వంద కాదు, నూట ఇరవై! అందులో ఇరవై శాతమంటే ఇరవై నాలుగు!

“దొరికావ్!” అని అరిచింది. చదువుకుంటున్న వాళ్లంతా ఉలిక్కిపడి చూశారు. ఆమెకి సిగ్గు కూడా వెయ్యలేదు.

సాయంత్రం చెప్పులు విడుస్తూనే, “కానియ్యవయ్యా ప్రశ్నలు!” అంది.

“రెండేళ్లు ఇరవై శాతం చొప్పున...”

“నలభై నాలుగు!”

“గంటకి నిండిన సీసా సగం...”

“నలభయ్యో నిమిషానికి! ఆఖరి ఇరవై నిమిషాల్లోనే కదా రెట్టింపయింది!”

“యాభై శాతం పెంచి, మళ్లీ యాభై శాతం తగ్గిస్తే...”

“మొదటికి రాదు! వందకి డెబ్బై ఐదే మిగులుతుంది!”

పదికి పది. వదిన ఆనందానికి పట్టపగ్గాల్లేవు. “ఏవండీ, ఇటు రండి! ఆదివారం నా తడాఖా చూద్దురుగాని!” అని మొగుణ్ణి కేకేసింది. మరిది పెన్నుకి మూత పెట్టేశాడు. నోటుబుక్కులో ఆ రోజు ఒక్క అక్షరం పడలేదు. పాపం, సంతోషంతో రాయడమే మరిచిపోయాడనుకుంది వదిన.

అతను మెల్లగా లేచి పక్కగదిలోకి వెళ్లి, పుస్తకాలు అచ్చువేసే ఆయనకి ఫోను చేశాడు.

“సార్, కొత్త పుస్తకం ఆలస్యమవుతుంది.”

“ఏమైంది?”

“తప్పు జవాబులిచ్చే మా వదినకి లెక్కలొచ్చేశాయి.”