గంజి రుచి

చీకటి పడ్డాక జగిత్యాల ఫార్మసీ కాలేజీ ల్యాబులో వందన ఒక్కతే మిగిలింది. దిగులు జబ్బు మందును పలుచని పొరగా చేయడం ఆమె పరిశోధన. ఆ పొర నీళ్ళు అక్కర్లేకుండా నాలుక మీదే కరిగిపోవాలి.

గిన్నెలో ద్రావణం చిక్కబడుతుంటే, సిరిసిల్లలో నాయిన కాచిన గంజి గుర్తొచ్చింది. మగ్గం మీది పడుగు నూలుకు పట్టించే ముందు ఆయన కాస్త వేలితో తీసి నాలుక మీద వేసుకునేవాడు. "మంచిగ కరిగితే పోగు తెగదు బిడ్డా" అనేవాడు. కుదిరిందనిపిస్తే నాలుకతో టక్కుమని చప్పుడు చేసేవాడు.

దిగులు పట్టి ఆయన మగ్గం వదిలేసి మూలన కూర్చున్న రోజుల్లో, ఆమె ఇచ్చిన మాత్రను బుగ్గన దాచి ఉమ్మేసేవాడు. అడిగితే "చేదున్నది బిడ్డా" అనేవాడు. ఆయన పోయాక, ఉమ్మేయడానికి వీల్లేని మందు చేయాలని ఆమె పంతం పట్టింది. ఈసారి తీపి కూడా పెంచింది.

గాజుపలక మీద ఆరిన పొరను చదరపు ముక్కలుగా కోసి, ఫ్యాన్ ఆపింది. ల్యాబంతా నిశ్శబ్దమైపోయింది. అప్పుడు చూసింది. అంచున ఉన్న ముక్క తడిసింది. మిగతావన్నీ పొడిగానే ఉన్నాయి. పలక మీద ఎక్కడా నీటిచుక్క లేదు. అయినా ఆ ఒక్క ముక్క మెత్తబడి, నడిమి నుంచి మెల్లగా కరిగిపోతోంది.

భయపడేలోపే ఆమె పలక మీదికి వంగి అడిగింది.

"ఇప్పుడు గూడ చేదే ఉన్నదా నాయినా?"

ముక్క పూర్తిగా కరిగిపోయింది. ఆమె వెనక, చీకట్లో, నాలుక టక్కుమన్న చప్పుడైంది.

పలక మీద రెండో ముక్క తడవడం మొదలైంది.