పెంచలయ్య క్యారియర్

చెంచమ్మకు పిచ్చి పట్టిందని పాళెమంతా తేల్చేసింది. తేల్చదా మరి! మొగుడు పెంచలయ్య సముద్రంలో పోయి నెల దాటింది. ఆమె బొట్టు చెరపలేదు, గాజులు తీయలేదు. పైగా రోజూ పొద్దున్నే అన్నం క్యారియర్ కట్టుకుని ఒడ్డుకొస్తుంది.

"అబ్బయా, మీ అన్న ఏమీ తినకుండానే వేటకు పోయినాడు. కాస్త అందించి రా" అంటుంది మరిది గంగాధరంతో.

అందించడానికి అన్న ఎక్కడున్నాడు? ఆ సంగతి గంగాధరం కంటే బాగా ఎవరికి తెలుసు! పడవ తిరగబడినప్పుడు పెంచలయ్య చెయ్యి పట్టుకున్నది అతనే. పెద్ద అల కొట్టింది. చెయ్యి జారిపోయింది. శవం కూడా దొరకలేదు.

అప్పట్నుంచి గంగాధరం ఒడ్డున బోర్లించిన ఆ పడవ పక్కనే పడి ఉంటున్నాడు. వేటకు పోడు. ఎవరి గడపా తొక్కడు. జాలిపడి ఎవరైనా కంచం తెచ్చిపెడితే కుక్కలకు వేసేస్తాడు. కుడి అరచెయ్యి మాత్రం మాటిమాటికీ విప్పి చూసుకుంటాడు. ఆ వేళ్ల పట్టు ఇంకా వదల్లేదట.

చెంచమ్మ క్యారియర్ దగ్గర మాత్రం అతని ఆటలు సాగలేదు. మొదటిరోజు ఆ అన్నం నీళ్లలో కలపబోయాడు. ఆగిపోయాడు. అది పిండం పెట్టినట్టే కదా! కుక్కలకు వేయడానికి చేతులు రాలేదు. చివరికి సముద్రానికి వీపు పెట్టి తానే తిన్నాడు. పులుసు నషాళానికంటింది. పెంచలయ్యకు కారం పడదు, గంగాధరం తినే పులుసుకు దూరం నుంచే దణ్ణం పెట్టేవాడు. మొగుడి నాలుక కూడా మరిచిపోయిందే, పిచ్చితల్లి అని కుమిలి కుమిలి ఏడ్చాడు.

ఖాళీ క్యారియర్ ఇస్తే చెంచమ్మ అడిగేది.

"కారం సరిపోయిందంటనా?"

"సరిపోయిందన్నాడు వదినా."

రోజూ ఇదే అబద్ధం. ఇక మోయడం అతని వల్ల కాలేదు. ఇవాళ ఏమైనా సరే, నిజం చెప్పేద్దామనుకున్నాడు.

"వదినా, ఒక మాట. అన్న..."

"మాటలు తర్వాత. ముందు ఇచ్చి రా, చల్లారిపోద్ది."

అతను ఆమె నుదుటి బొట్టు వైపు చూశాడు. క్యారియర్ అందుకుని వెళ్లిపోయాడు.

చెంచమ్మ చెల్లెలు విజయకుమారి ఇదంతా చూసింది. అక్కను పెద్దాసుపత్రిలో చూపిద్దామని చిల్లకూరు నుంచి అప్పుడే వచ్చిందామె. అనుమానం వచ్చి గంగాధరం వెనకే వెళ్లింది. కాసేపటికి రొప్పుకుంటూ అక్క ఇంటికొచ్చి పడింది.

"అక్కా! వాడు పడవ చాటున కూర్చోని నీ కూడు తినేస్తుండాడే! సిగ్గూ శరం ఉండాదా వాడికి? నువ్వు కనబడితే పిల్లకాయలు పిచ్చి చెంచమ్మా అని వెంటబడుతుండారు. ఇకనన్నా తెలుసుకోవే. బావ చచ్చిపోయినాడే!"

చెంచమ్మ గభాలున లేచి చెల్లెలి నోరు మూసింది. గుమ్మంలోంచి బయటికి తొంగిచూసింది. ఖాళీ క్యారియర్ పట్టుకుని గంగాధరం అల్లంత దూరంలో వస్తున్నాడు.

"మెల్లగా అనవే తల్లీ, వింటాడు... పోయినోడి పేరు చెప్పకపోతే ఆ మిగిలినోడు ముద్ద ముట్టడు."