పేరు తీసేసిన పుస్తకం

మొదటి గుద్దుకే ఫాదర్ పకూవా ముందుపళ్లు రెండు ఊడి కాఫీ కప్పులో పడ్డాయి. రెండో గుద్దుకు కప్పు కూడా పడింది. మెడ దగ్గరి తెల్ల కాలరు ఎర్రగా తడిసింది.

పోలండులోని లుబ్లిన్‌లో బైబిలు పండితుల సభ ఏటేటా జరుగుతుంది. అందరూ భోజనాలకు వెళ్లారు. కోట్లు తగిలించే గదిలో వీళ్లిద్దరే మిగిలారు. కొట్టేదీ ఫాదరే, కొట్టించుకునేదీ ఫాదరే.

"ఒరేయ్ వాలెంటీ, పిచ్చిగానీ పట్టిందా? నేనేం చేశాన్రా నీకు?"

"పుస్తకాన్ని చంపేశావు. పొడిచి పొడిచి చంపేశావు!"

"ఏ పుస్తకంరా బాబూ?"

ఆ అమాయకత్వం చూసేసరికి వాలెంటీకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఒకప్పుడు సెమినరీలో బాక్సింగు కప్పు గెలిచిన చెయ్యి అది. ఈసారి ముక్కు పగిలింది.

బైబిల్లో అన్న తమ్ముణ్ణి చంపిన ఆ మొదటి హత్య గురించి పాత ఇథియోపియా ప్రతులు ఏం చెబుతున్నాయన్నదే ఆ పుస్తకం. దానిమీద వాలెంటీ ఏడాదిపాటు కళ్లు పీక్కుపోయేలా కూర్చున్నాడు. ఇంగ్లీషులో లేని పుస్తకానికి ఇప్పుడు పోలండులో ప్రభుత్వం పండితులకు వేసే మార్కులు రావు, మార్కులు రాని పుస్తకాన్ని అచ్చువేసే నాథుడూ లేడు. అందుకే దాన్ని ఇంగ్లీషులో సిద్ధం చేసి పంపాడు. అచ్చువేసేవాళ్లు రాసినవారి పేరు తీసేసి ఎవరో పండితుడికి పరీక్షకు ఇచ్చారు. ఆ పండితుడి పేరూ రహస్యమే. నిన్న జవాబు వచ్చింది.

"ఇది రాసినవాడికి లేఖనాలతో పనేమిటి? పోయి పంది మాంసం కొట్టు పెట్టుకోమనండి."

రహస్యమట, రహస్యం! దేశం మొత్తానికి ఆ లిపి చదవగలిగినవాళ్లు ముగ్గురే. ఒకడు వాలెంటీ. రెండోవారు అతని గురువు ఫాదర్ హిరోనిమ్. ఆయన్ని అనుమానించే ప్రశ్నే లేదు. ఇక మిగిలింది ఈ పకూవా. పైగా ఇతని నాన్నది పంది మాంసం కొట్టు! ఇంకా సాక్ష్యం దేనికి?

"వచ్చే ఆదివారం గురువుగారికి ఎనభై నిండుతాయి. ఆయన గుండె ఇంకెన్నాళ్లో కొట్టుకోదన్నారు డాక్టర్లు," అన్నాడు వాలెంటీ రొప్పుతూ. "ఎనభై నిండిన గురువు చేతిలో శిష్యులు పుస్తకం పెట్టడం మన ఆనవాయితీ కాదూ? పుస్తకం కాకపోయినా, అచ్చువేస్తామన్న మాటైనా ఆయన చెవిన వేద్దామనుకున్నాను. అదీ లేకుండా చేశావు కదరా!"

"సిలువ సాక్షిగా చెబుతున్నా. నా దగ్గరికి ఏ పుస్తకమూ రాలేదు."

"ఆ నోటితో సిలువ పేరెత్తుతావా?"

పకూవా మాత్రం ఎంతసేపని దెబ్బలు తింటాడు? భారీ మనిషి. కోట్ల స్టాండు ఊడబెరికి వాలెంటీ భుజం మీద దించాడు. ఎముక టక్కుమంది. వాలెంటీ రెండో చేత్తో బల్లమీది హీబ్రూ నిఘంటువు అందుకున్నాడు. ఇటుకకంటే బరువైనది. దాని అంచు పకూవా కణతకు తగిలింది, ఎడమకన్ను రక్తంతో మూసుకుపోయింది.

పకూవా తడుముకుంటూ వరండాలోకి పరిగెత్తాడు. మెట్ల దగ్గర వాలెంటీ అతని నడుం మీద తన్నాడు. ఆ లావాటి శరీరం రాతిమెట్ల మీద దొర్లుతూ పోయి కిందనున్న ఇనుప కటకటాలకు తల కొట్టుకుని ఆగింది. కింద సూపు గిన్నె మోసుకొస్తున్న సిస్టరు గిన్నె వదిలేసి కెవ్వుమంది.

అంబులెన్సు వచ్చింది. బతికితే బతకొచ్చు, కన్ను మాత్రం పోయినట్టే అన్నారు.

వాలెంటీకి జాలి కలగలేదు. ఇంకో దెబ్బ వేయాల్సిందనే అనిపించింది. పోలీసులు వచ్చాక ఒకే ఒక్కటి అడిగాడు. జైలుకెళ్లే ముందు ఒక్కసారి గురువుగారికి కనబడి వస్తానన్నాడు. అక్కడికి రెండు వీధుల అవతలే ముసలి ఫాదర్ల ఆశ్రమం. ఒక పోలీసు తలుపు దగ్గర నిలబడి అతన్ని లోపలికి పంపాడు.

హిరోనిమ్ మంచంలో దిళ్లకు ఆనుకుని పులుపు సూపు జుర్రుకుంటున్నాడు. ఒంట్లో సత్తువ లేకపోయినా నోట్లో పొగరు తగ్గలేదు.

"ఏరా, భుజం వేలాడుతోందేం? దయ్యంతో కుస్తీపట్టావా?"

"అలాంటిదే గురువుగారూ. మిమ్మల్ని ఒకసారి చూసి పోదామని వచ్చాను."

"ఏడుపుమొహం పెట్టకు. నేనింకా పోలేదు. అచ్చువేసేవాళ్లు ఇంకా నాకే పరీక్షించే పని పంపుతున్నారు తెలుసా? పోయిన నెల ఎవడో కుర్రకుంక ఇంగ్లీషులో రాసింది పంపారు, అన్నదమ్ముల హత్య మీదే. పేరు లేదు. రెండు పేజీలు చదివేసరికి ఒళ్లు మండిపోయింది. మిగతాది తెరవనేలేదు."

వాలెంటీ మంచం కోడు పట్టుకున్నాడు.

"ఏమని... ఏమని రాశారు?"

"ఏమని రాస్తాను? పంది మాంసం కొట్టు పెట్టుకోమన్నాను!" ముసలాయన చెంచా పట్టుకునే పడీపడీ నవ్వాడు. "బాగా వేశానా లేదా?"

వాలెంటీ చూపు మంచం కిందికి పోయింది. గురువుగారు నలభైయేళ్ల కిందట పోలిష్‌లో రాసి, అచ్చువేసే దిక్కులేక ఆ మంచం కిందే పెట్టెలో దాచుకున్న పుస్తకాన్ని, ఎనభయ్యో పుట్టినరోజు కానుకగా ఆయన పేరుమీదే తెద్దామని, ఆయనకు తెలియకుండా ఇంగ్లీషులోకి మార్చి పంపింది వాలెంటీయే.