ఏనుగు మాటలు, పిచ్చుక మాటలు

కథలక్క తీసిచ్చిన మూడో పుస్తకాన్ని కూడా తెరిచి చూసి పక్కన పెట్టేసింది గువ్వ.

"ఇది చాలా బాగుంటుందే. కుందేలు మాటలు మీ అమ్మ చదువుతుంది, నక్కవి మీ నాన్న," అంది కథలక్క.

"వద్దక్కా. నేనే వెతుక్కుంటా."

అలమర పక్కనున్న అట్టపెట్టె ముందు చతికిలబడింది. ఆ పెట్టె ముందురోజే వచ్చింది. తమ పిల్లలు పెద్దవాళ్ళయిపోయారని ఎవరో పంపిన పుస్తకాలు. వాటికింకా నంబర్లు కూడా వేయలేదు.

కథలక్క అసలు పేరు లైబ్రరీలో జీతాలిచ్చే గుమాస్తాకి తప్ప ఎవరికీ అక్కర్లేదు. ప్రతి ఆదివారం పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని కథలు చెబుతుంది. పులి వస్తే పులి, ముసలమ్మ వస్తే ముసలమ్మ. ఏడాదికి ఒక్క ఆదివారం మాత్రం నోటికి తాళం వేసుకుంటుంది. ఆ రోజు ఇంటిల్లిపాదీ రావాలి. పిల్లలు ఎంచిన పుస్తకాన్ని పెద్దవాళ్ళు అప్పటికప్పుడు అందరి ముందూ చదవాలి. ఏ పుస్తకమో వాళ్ళకి ముందుగా తెలియకూడదు. సరదా అంతా అందులోనే ఉంది. ఇవాళ ఆ ఆదివారం.

గువ్వ నోట్లో నాలుక లేనట్టుండే పిల్ల. ఇంట్లో మీరేం పని చేస్తారని కథలక్క ఒకసారి పిల్లలందరినీ అడిగింది. ఒకడు మొక్కలకి నీళ్ళు పోస్తానన్నాడు, ఒకతె చెప్పులు సర్దుతానంది. గువ్వ మాత్రం "చెబుతా" అంది. ఏం చెబుతావంటే, అమ్మ అన్నది నాన్నకి, నాన్న అన్నది అమ్మకి అంది. పిల్లలు పడీపడీ నవ్వారు. కథలక్కకి నవ్వు రాలేదు.

తర్వాత కొంచెం కొంచెంగా తెలిసింది. నాన్న లిఫ్టులు బాగుచేస్తాడు, అమ్మ మందుల షాపులో పనిచేస్తుంది. ఒకే ఇల్లు, ఒకే పొయ్యి, ఎడమొహం పెడమొహం. కూరలో ఉప్పు తగ్గిందన్నా, గ్యాసు అయిపోయిందన్నా గువ్వ మోసుకెళ్ళాల్సిందే. గొడవ దేనికి మొదలైందో గువ్వకి తెలియదు. పోయినవారం అమ్మ వచ్చి, తనూ పిల్లా చెల్లెలి ఊరికి వెళ్ళిపోతున్నామనీ, గువ్వ కార్డు రద్దు చేయమనీ చెప్పింది. ఎన్నాళ్ళకని కథలక్క అడిగింది.

"అక్కడే బళ్ళో చేర్పిస్తున్నానండీ," అంది అమ్మ, కార్డు వైపే చూస్తూ.

ఇవాళ ఇద్దరూ కలిసి రావడానికి ఒప్పుకున్నారంటే, అది గువ్వ అన్నం మానేసి సాధించింది.

పదకొండయ్యేసరికి హాలు నిండిపోయింది. ఒక తాతగారు సింహంలా గర్జించబోయి దగ్గుతెర కమ్మి మంచినీళ్ళు అడిగారు. ఇంకో తల్లి కథలో రాక్షసి వచ్చినప్పుడల్లా అత్తగారి వైపు చూసి, తర్వాత నాలిక్కరుచుకుంది. ఆ నవ్వుల మధ్యే గువ్వ వాళ్ళ వంతు వచ్చింది.

రెండు కుర్చీలు వేస్తే, మధ్యలో ఇంకోటి పట్టేంత జాగా వదిలి కూర్చున్నారిద్దరూ. గువ్వ పుస్తకం నాన్న చేతిలో పెట్టి ముందు వరసలోకి వచ్చేసింది. అట్ట మీద ఒకే గొడుగు కింద ఏనుగూ పిచ్చుకా ఉన్నాయి.

నాన్న మొదటి పేజీ తిప్పాడు. ఆగిపోయాడు. రెండోది తిప్పాడు. గువ్వ వైపు చూశాడు. గువ్వ రెప్ప వేయలేదు.

"కళ్ళద్దాలు మరిచిపోయారా ఏంటండీ?" అంది కథలక్క. హాలంతా నవ్వింది.

ఆయన పుస్తకాన్ని అమ్మ వైపు జరిపాడు. ఆమె వంగి చూసింది. తనూ రెండు పేజీలు తిప్పింది. తర్వాత తలెత్తి ఆయన మొహంలోకి చూసింది. పుస్తకం ఒక్కటే కాబట్టి కుర్చీ దగ్గరికి లాక్కోక తప్పలేదు.

నాన్న గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. కూడబలుక్కుంటున్నట్టు, మాటకీ మాటకీ మధ్య ఆగుతూ. చదివే అలవాటు తప్పిపోయిన మనిషి కాబోలు అనుకుంది కథలక్క. ఏనుగూ పిచ్చుకా ఒకే గొడుగు కింద బతికేవట. ఒకనాడు వాన వెలిసిందని ఏనుగు గొడుగు మూసేసిందట. మళ్ళీ వాన మొదలైతే తెరవలేదట. పిచ్చుక అలిగి కొమ్మెక్కి కూర్చుందట.

"నేను తడుస్తుంటే నీకు కనబడలేదా?" అంది అమ్మ. పిచ్చుకకి సన్నగొంతు పెట్టాలన్న సంగతి మరిచిపోయినట్టుంది.

"కనబడింది. కిందికి రమ్మనడానికి నామోషీ వేసింది."

"ఒక్కసారి పిలిస్తే వచ్చేదాన్ని."

"ఇప్పుడు పిలిస్తే?"

అమ్మ పేజీ తిప్పి చాలాసేపు చూసింది.

"ఎగిరిపోదామనే అనుకున్నాను. రెక్కలు తడిసి ఉన్నాయి. ఆరేదాకా ఉంటాను."

"ఆరాక?"

"ఆరాక చూద్దాం."

చప్పట్లు మోగాయి. పిచ్చుక కిందికి దిగిందా లేదా తేల్చమని ఒక బుడ్డోడు పేచీ పెట్టాడు. బాగా చదివినవాళ్ళకిచ్చే బహుమతి తాతగారికే వెళ్ళింది. దగ్గినా సింహం సింహమే కదా.

వెళ్ళేముందు అమ్మ బల్ల దగ్గరికి వచ్చి, గువ్వ కార్డు ఇప్పుడప్పుడే తీసేయొద్దని మెల్లగా చెప్పింది. బయట నాన్న ఏదో అడగడం, అమ్మ జవాబివ్వడం కిటికీలోంచి కనబడింది. గువ్వ వాళ్ళ మధ్య లేదు. మెట్లు రెండేసి చొప్పున దూకుతూ ఎప్పుడో రోడ్డు మీదికి వెళ్ళిపోయింది.

హాలు ఖాళీ అయ్యాక కథలక్క కుర్చీలు సర్దింది. ఇన్నేళ్ళలో ఇంత చక్కటి మాటలున్న కథ తన చేతికి రాలేదే అనుకుంది. వచ్చే ఆదివారం తనే చదవాలి. ఆ గొంతులు తనకి పలుకుతాయో లేదో ఒకసారి చూసుకుందామని, కుర్చీలో వదిలేసి వెళ్ళిన పుస్తకం తీసి మొదటి నుంచి చివరిదాకా తిప్పింది.

అన్నీ బొమ్మలే, ఒక్క అక్షరం లేదు.