నీడన ఆరవలసిన బూట్లు

"సిమెంట్ పనిలకెల్లి నీ పేరు తీసెయ్యమన్నడురా," అన్నాడు లచ్చన్న.

ఇస్తారి చేతిలో బ్రష్ ఆగిపోయింది.

"ఎవరు?"

"ఇంకెవరు? పొద్దుమాపు నువ్వు పూజ జేస్తున్నవు సూడు, ఆ బూట్లాయన."

లచ్చన్న కంపెనీ ఆఫీసులో చాయ్ అందిస్తాడు. నిన్న కప్పులు పట్టుకుని లోపలికి వెళ్లేసరికి, ఆ బూట్లాయన, ఖమరుద్దీన్, ఇంజనీరు సాబ్ ముందు నిలబడి ఉన్నాడట.

"నీ చేతుల ముచ్చట గూడ జెప్పిండు. వేళ్ల సందుల పుండ్లని, పిడికిలి మూతవడ్తలేదని. నా చెవులార విన్న."

ఆ సంగతి తెలిసింది ఒక్క ఖమరుద్దీన్‌కే.

అరబ్బు దేశంలో, అజైబాలోని ఆ క్యాంపులో సిమెంట్ పుండ్లు బయటపడినవాళ్లకు మందు ఇవ్వరు, విమానం ఎక్కిస్తారు. ఈ ఏడాదే ముగ్గుర్ని ఎక్కించారు. నాలుగో మనిషి తానవుతానన్న భయంతో ఇస్తారి డ్యూటీలో చేతులకు గుడ్డలు చుట్టుకుంటున్నాడు.

అది డెబ్బై ఆరో సంవత్సరం. దూరాన ఉన్న బహ్లా సైట్‌కు మంచి రోడ్డు లేదు, టెలిఫోన్ లేదు. ఇక్కడి ఆఫీసు కాగితాలు అక్కడికి మోటార్ సైకిల్ మీద మోసేది ఖమరుద్దీన్. హైదరాబాదువాడు, యాభై దాటినవాడు, మాటలు తక్కువ.

మూడు నెలల కింద ఇస్తారే ఆయన్ని వెతుక్కుంటూ వెళ్లాడు.

"చాచా, బండి నడుపుడు నాక్కూడ వస్తది. మా దిక్కు రైసుమిల్లు సేటు బండి నేనే నడిపేటోణ్ని. సాబ్‌కు ఒక్క మాట చెప్పరాదు?"

ఖమరుద్దీన్ అతన్ని కిందికీ పైకీ చూశాడు. మోకాళ్ల దాకా ఉన్న కంపెనీ బూట్లు విప్పి ముందర పెట్టాడు.

"ముందుగాల వీటిని సూడు."

ఆ బూట్లకున్నన్ని పట్టింపులు బాలింతకు కూడా ఉండవు.

మొదట పొడి బ్రష్‌తో దుమ్ము దులపాలి. కుట్లలో ఇరుక్కున్న ఇసుకను పాత పళ్ల బ్రష్‌తో తీయాలి. సముద్రపు గాలికి తెల్లగా పేరుకున్న ఉప్పును గట్టిగా పిండిన తడిగుడ్డతో తుడవాలి. లోపల న్యూస్‌పేపర్ ఉండలు కుక్కి నీడన ఆరబెట్టాలి. ఆ తర్వాతే మైనం, అదీ వేలి కొసతో.

"ఎండ సూపియ్యకు. తోలు ఒక్కపారి పలిగిందంటే ఇగ దాన్ని ఏ మైనమూ అతికియ్యలేదు," అనేవాడు ఖమరుద్దీన్.

ఒకరోజు మైనం పుండ్లకు తగిలి ఇస్తారి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఖమరుద్దీన్ ఆ చెయ్యి పట్టుకుని గుడ్డ విప్పి చూశాడు.

"ఎవ్వరికీ చెప్పకు చాచా. నీ కాళ్లు మొక్కుత."

"చెప్పనులే," అన్నాడు ఖమరుద్దీన్.

ఆ రోజు నుంచి మైనం మాత్రం ఖమరుద్దీన్ తానే రాసుకునేవాడు.

"చెప్పనన్నడు," అన్నాడు ఇస్తారి ఇప్పుడు, లచ్చన్నతో కాదు, చేతిలోని బూటుతో.

"బూట్లు మెరిసినయ్, నీ బతుకు మసైంది," అంటూ లచ్చన్న లేచి వెళ్లిపోయాడు.

ఆ రోజు శుక్రవారం. ఖమరుద్దీన్ జుమ్మా నమాజుకు మసీదుకు పోయి ఉన్నాడు.

ఇస్తారి బూట్లు రెండూ తొట్టిలో ముంచాడు. నీళ్లు కారుతుండగానే తీసుకెళ్లి రేకుల కప్పు మీద, ఎండ నిలువునా పడే చోట పెట్టాడు.

ఖమరుద్దీన్ తిరిగొచ్చేసరికి బూట్లు బిర్రబిగిసి, మడమ దగ్గర నెర్రెలు విచ్చి ఉన్నాయి.

వాటిని కళ్లకు మరీ దగ్గరగా పెట్టుకుని చూశాడు. బొటనవేలితో ఆ నెర్రెలు తడిమాడు.

"నువ్వే పెట్టినవా?"

"నేనే. మాట తప్పినోళ్ల బూట్లు నీడకుంటే ఏంది, ఎండకుంటే ఏంది?"

ఖమరుద్దీన్‌కు అర్థమైంది.

"రేపు పొద్దున చెప్త ఇస్తారీ. ఇయ్యాల నన్ను అడగకు."

"చెప్పేది సాబ్‌కు చెప్పినవ్ గదా, ఇంక నాకేం చెప్తవ్," అని ఇస్తారి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే ఖమరుద్దీన్ చెప్పులేసుకుని, బూట్లు చంకన పెట్టుకుని ఆఫీసుకు వెళ్లాడు. సాయంత్రం రూమ్‌కు వచ్చి ట్రంకు సర్దుకున్నాడు. పిలిచినా ఇస్తారి తల తిప్పలేదు.

మూడో రోజుకు ఆ మంచం ఖాళీ అయింది.

ఆ పూటే ఆఫీసు గుమాస్తా నిసార్ అహ్మద్ కబురు పంపాడు. విమానం టికెట్టు కోసమేననుకున్నాడు ఇస్తారి. చేతుల గుడ్డలు కూడా విప్పేసి వెళ్లాడు.

"రేపటి సంది బహ్లా కాగితాలు నువ్వే తీస్కపోవాలె," అన్నాడు నిసార్ అహ్మద్.

"నేనా? నన్ను ఇంటికి పంపుతలేరా?"

"ఎవలన్నరు? సిమెంట్ పనిల ఉంటే వీని చేతులు దక్కయ్, నా బండి వీనికియ్యిండ్రని నెల రోజుల సంది ఖమరుద్దీన్ సాబ్ పాణం తీసిండు. ఖాయమయ్యేదాక నీకు సుత చెప్పొద్దని సాబ్ హుకుం. నీ పనితనం సూడనీకె సాబ్ రోజూ ఆ బూట్లే సూసేటోడు."

ఇస్తారి గుడ్డలు విప్పిన తన చేతులు చూసుకున్నాడు.

"ఆయన కండ్లు మసకలు వచ్చినయ్ గదా, ఇగ బండి నడుపలేడు. స్టోర్ల కూసోవెడ్తమన్నడు సాబ్. శనివారం నాడు ఆ పలిగిన బూట్లు సూసి, కంపెనీ సామాను కాపాడనోనికి స్టోర్ తాళాలు ఎట్లిస్తనని మండిపడి విమానం ఎక్కించిండు."

"బూట్లు తోమేది నేను గద," అన్నాడు ఇస్తారి. "ఆయనను పంపుడెందుకు?"

నిసార్ అహ్మద్ మోటార్ సైకిల్ తాళంచెవి బల్ల మీద అతని ముందుకు జరిపాడు.

"నువ్వు వద్దంటున్నా వినకుంట, వాటిని ఎండల పెట్టింది తానేనని ఒప్పుకున్నడు గదా."