దవడ పట్టు

"పట్టు వదిలావంటే ఉద్యోగం కూడా వదులుకున్నట్టే," అంది పటకారమ్మ, కొత్తమ్మాయి వేళ్ళ మీద పళ్ళు చూసే అద్దం కాడతో ఒక్కటిచ్చి.

కొత్తమ్మాయి, బల్ల మీద పెట్టిన ప్లాస్టరు తల దవడని మళ్ళీ రెండు చేతులా కిందనుంచి బిగించి పట్టుకుంది.

విరిగిన దవడలు అతికించే ఆ పళ్ళాసుపత్రిలో అసిస్టెంట్లకి పని నేర్పేది పటకారమ్మే. ఆ పేరు ఆవిడ చేతి పట్టుని బట్టి వచ్చిందో, నోటిని బట్టి వచ్చిందో ఎవరికీ తెలీదు. మామూలు పళ్ళ డాక్టర్ల దగ్గర అద్దాలూ దూదీ అందించి, అదే పెద్ద విద్య అనుకున్నవాళ్ళు ఇక్కడికొచ్చి నెత్తురు చూడగానే గోడ పట్టుకుంటారు. మొన్న ఒకత్తె నెత్తురు పీల్చే సక్షన్ గొట్టం చేతిలో ఉండగానే కూలబడింది. నిన్న ఇంకొకడు తిన్నదంతా డాక్టరుగారి చెప్పుల మీద కక్కి, అట్నుంచటే ఉడాయించాడు.

మిగిలింది ఈ పిల్ల. ఇవాళే ఆఖరి పరీక్ష. చెయ్యి వణక్కపోతే ఉద్యోగం, ఆసుపత్రి వెనక గదిలో మకాం. వణికితే మూటాముల్లే సర్దుకుని ఇంటికి.

"ఇంకెక్కడికైనా పంపండి మేడమ్, ఇంటికి మాత్రం పంపకండి."

"ఆ ముక్క నాక్కాదు, నీ చేతులకి చెప్పుకో. పో, తయారవు. కేసొచ్చింది."

కుర్చీలో పడుకోబెట్టిన మనిషి దున్నలా ఉన్నాడు. దవడ రెండు చోట్ల విరిగి, మొహం సగం ఒక పక్కకి జారిపోయింది. చొంగా నెత్తురూ కలిసి చొక్కా మీద అట్టకట్టాయి. దారిన పోయేవాళ్ళెవరో తెచ్చి దింపేసి వెళ్ళారు. మెట్ల మీంచి పడ్డాడని చెప్పారు.

డాక్టరుగారు ఎక్స్‌రే చూసి ముక్కుతో నవ్వాడు. "మెట్లకి ఇంత కసి ఉండదు. ఎవరో మనసు పెట్టి కొట్టారు."

పటకారమ్మ ఆ మనిషి చేతుల్ని పట్టీలతో కుర్చీకి కడుతూ పిడికిళ్ళు తిప్పి చూసింది. కణుపుల మీద పాత గాట్లు. జుట్టు నెరిసేదాకా నోళ్ళే చూసిన మనిషికి అవేమిటో ఒకరు చెప్పాలా?

"పళ్ళ గాట్లు! బాబుగారు మూతులు బాగానే పగలగొట్టారు. ఇవాళ తమరి వంతొచ్చింది."

అతనికి పలకడానికి దవడేదీ?

మాస్కూ, టోపీ, పెద్ద కళ్ళద్దాలూ తగిలించుకుని కొత్తమ్మాయి వచ్చింది. అతని తల వెనక నిలబడి వంగి, "నోరు తెరవండి," అంది.

అంతసేపూ శవంలా పడున్నవాడు ఒక్కసారిగా ఎగిరాడు. ఒక పట్టీ పుటుక్కున తెగింది. పనిముట్ల పళ్ళెం గాల్లోకి లేచి నేలంతా ఇనుము చల్లింది. ఊడిన చేత్తో కొత్తమ్మాయి వైపు వేలు చూపించి, "గ్గ... గ్గ..." అంటున్నాడు. ప్రతి గ్గకీ నెత్తురు చిమ్ముతోంది.

"ఏం నాయనా, కొత్తదని భయమా? ఈ పిల్ల వద్దా?" అంది పటకారమ్మ.

వద్దు వద్దన్నట్టు తల ఊపాడు. ఊపినందుకు విరిగిన ఎముకలు కరకరలాడి, కళ్ళు తేలేశాడు.

"పెళ్ళప్పుడు కూడా ఇలాగే అనుభవం ఉన్నదే కావాలన్నావా? నోర్మూసుకో. కాదు, తెరువు."

ఊడిన చేతిని పటకారమ్మ మళ్ళీ కట్టేసింది. డాక్టరుగారు మత్తు సూది చిగుళ్ళలోకి దించాడు. పళ్ళ సందుల్లోంచి ఇనప తీగ గుచ్చి లాగుతుంటే, దాని కొస కొత్తమ్మాయి చేతి తొడుగు చీల్చుకుని వేల్లో దిగింది. ఎవరి నెత్తురు ఎవరిదో తెలియకుండా పోయింది. అప్పుడే అతను కాలు మడిచి పైకెత్తి, పక్కకి జరిగిన ఆ పిల్ల డొక్కలో ఫెడీమని తన్నాడు.

'అయిపోయింది, ఇదీ పోయింది' అనుకుంది పటకారమ్మ.

కొత్తమ్మాయి ఊపిరి బిగబట్టి, వదిలింది. చేతుల పట్టు మాత్రం వదల్లేదు. అతని చెవి దగ్గరకి వంగి ఏదో గొణిగింది. అంతే, గాలి తీసిన టైరులా కాళ్ళు చప్పబడిపోయాయి. కళ్ళ కొసల నుంచి నీళ్ళు చెవుల్లోకి కారాయి.

"ఏం మంత్రం వేశావే?"

"కదిలితే మళ్ళీ మొదట్నుంచీ అవుతుందని చెప్పాను మేడమ్."

పటకారమ్మ ముచ్చటపడిపోయింది. ఇలాంటి ధైర్యం పుట్టుకతో రావాలి గానీ, నేర్పితే వస్తుందా!

డాక్టరుగారు పై పళ్ళకీ కింది పళ్ళకీ కలిపి తీగ మెలితిప్పాడు. మెలిక మెలికకీ నోరు బిగుసుకుంటూ, చివరికి మేకులు కొట్టిన పెట్టెలా మూసుకుపోయింది. ఎముక అతికేదాకా ఇక మాటా లేదు, ముద్దా లేదు.

"ఈ పిల్లని ఉంచేసుకోండి," అని నెత్తుటి తొడుగులు తొట్టిలో పారేసి డాక్టరుగారు వెళ్ళిపోయాడు.

"నెగ్గావే! వెనక గది నీదే. ఇంటి మొహం చూడక్కర్లేదు," అని పటకారమ్మ బల్ల సొరుగులోంచి చిన్న కట్టర్ తీసింది. "ఇంకొక్క పాఠం. తీగ కట్టిన మనిషిని ఒంటరిగా పంపకూడదు. వాంతి వచ్చిందా, బయటికి దారుండదు, ఊపిరాడక పోతాడు. అందుకే ఇంట్లోవాళ్ళకి ఈ కట్టర్ ఇచ్చి, తీగ ఎక్కడ తెంపాలో చూపిస్తాం. నోరు కుట్టేసుకున్నవాడు కేకైనా వెయ్యలేడు కదా, ఆ ఇంట్లో మనిషి తెంపితేనే బతుకు. వెళ్ళి బయట ఇతని తాలూకు ఎవరైనా వచ్చారేమో చూసిరా."

కొత్తమ్మాయి కదల్లేదు. కుర్చీలో మనిషి మాత్రం మూసిన పళ్ళ వెనక నుంచి గురగురమంటూ, తల అటూ ఇటూ బాదుకుంటున్నాడు.

"బయటెవరూ ఉండరు మేడమ్, ఈయనకి ఇంట్లో ఉన్నది పెళ్ళాన్ని నేనొక్కదాన్నే," అంటూ కొత్తమ్మాయి కట్టర్ అందుకుని జేబులో వేసుకుంది.